పై రాష్ట్రం బండైనా పరిహారం ఇక్కడే

ఆళ్లగడ్డ: కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారిపై తమిళనాడు, కర్ణాటక లారీలు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. 2014 నుంచి హైదరాబాదు కారు కూడా మనకు పై రాష్ట్రం బండే. అలాంటి బండి కింద మన ఊరి మనిషి పడితే జరిగే తంతు తెలిసిందే. శవం ఆస్పత్రి నుంచి రాకముందే పంచాయితీ మొదలవుతుంది. "పై రాష్ట్రం బండి. కోర్టుకని సేలం దాకా తిరగగలవా తల్లీ? ఇచ్చింది పుచ్చుకో" అని పెద్దమనుషులు నచ్చచెబుతారు. తెల్లకాగితంపై వేలిముద్ర పడుతుంది. లారీ యజమాని చేతులు దులుపుకుంటాడు.

చట్టం అలా లేదు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన చోటగానీ, బాధితులు నివసించే చోటగానీ, యజమాని ఉండే చోటగానీ ట్రిబ్యునల్‌లో దావా వేయవచ్చు. ఎంపిక బాధితులదే. బండి ఏ రాష్ట్రంలో రిజిస్టరైనా మూడో వ్యక్తికి వర్తించే బీమా దేశమంతటా చెల్లుతుంది.

తప్పెవరిదన్న ప్రశ్న లేకుండా పరిహారమిచ్చే పద్ధతి 1982లోనే వచ్చింది. అప్పుడు మరణానికి 15 వేల రూపాయలు. 1988 చట్టంలో 25 వేలు, 1994లో 50 వేలు చేశారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. డ్రైవరు తప్పు రుజువు చేయనక్కరలేదు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఆ 5 లక్షలకు ఒప్పుకుంటే 166 కింద వేసిన దావా రద్దవుతుంది. నెలకు 12 వేలు సంపాదించే 30 ఏళ్ల మనిషి భార్యను, ఇద్దరు పిల్లలను వదిలి పోయాడనుకోండి. అతని సొంత ఖర్చు మూడో వంతు తీసేసి 17తో హెచ్చవేస్తే 16 లక్షల 32 వేలు అవుతుంది. భవిష్యత్తు ఆదాయం దీనికి అదనం. కాని డ్రైవరు నిర్లక్ష్యం రుజువు కావాలి. సాక్ష్యం బలహీనమైతే 5 లక్షలే మేలు. సాక్ష్యం ఉంటే తొందరపడి సంతకం చేయడం పిల్లల నోటికాడి కూడు పోగొట్టడమే.

బండి దొరకకుండా పారిపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వస్తాయి. దరఖాస్తు ఆర్డీవోకు ఇవ్వాలి, మంజూరు చేసేది కలెక్టరు.

దావాకు చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. దానిపై కోర్టుల్లో వాదాలు నడిచినా కాలయాపన మంచిది కాదు. పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలని 2022 నిబంధనలు చెబుతున్నాయి. ఆ నకలు బాధితుల చేతికి అందాలి. పై రాష్ట్రం బండి బీమా వివరాలు అది కదలకముందే రాసుకోవాలి. న్యాయసేవా కమిటీలు రహదారి పక్క గ్రామాల్లో ఈ సంగతి చాటింపు వేయించాలి. అప్పటిదాకా పాఠకులు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: వకీలుకు చూపకుండా ఏ కాగితంపైనా వేలిముద్ర వేయరాదు.