మాటలాడే జింక

లింగంపల్లి స్టేషనులో రైలు దిగి గచ్చిబౌలి దిక్కుగా పోయేవారికి హైదరాబాదు విశ్వవిద్యాలయపు ప్రహరీ చాలా దూరం తోడు వస్తుంది. ఆ గోడ లోపల బండరాళ్లు, చెరువులు, వాటి నడుమ చుక్కల జింకలు, నెమళ్లు వున్నవి. దాని నానుకొనియే వున్నది కంచ గచ్చిబౌలి. 2025 మార్చి చివర ఐ.టి. పార్కు నిమిత్తం అక్కడి 400 ఎకరాలను చదును చేయబూనగా విద్యార్థులు అడ్డుపడినారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు నిలిపివేసింది. అప్పటికే సుమారు 100 ఎకరాలలో చెట్లు నేలకూలినవి.

ఆ రోజులలో ఒక విచిత్రం జరిగింది. యంత్రాల ముందు నిలిచిన జింకలు, నెమళ్లు గల బొమ్మలు సెల్‌ఫోనులలో విరివిగా వ్యాపించినవి. వాటిలో కొన్ని జపాను దేశపు జిబ్లీ చిత్రశాల వారి కార్టూను శైలిని అనుకరించి, కృత్రిమ మేధ చేత గీయించినవి. చూచినవారికి జాలి పుట్టిన మాట నిజమే. కాని అవి కల్పితాలని ప్రభుత్వం ఎత్తిచూపగానే, అక్కడ నిజంగా తిరుగాడే జింక పక్షపు వాదం కూడా కొంత పలుచబడింది. జాలి కోసం పుట్టించిన బొమ్మ ఆ జింకకే చేటు తెచ్చింది.

చిత్రమేమంటే, ఆ జిబ్లీ వారే 1994లో సరిగా ఈ విషయం మీదనే ఒక చిత్రం తీసి వున్నారు. ఇసావో తకహత దర్శకత్వం వహించిన ఆ ‘పోం పోకో’లో, టోక్యో శివార్లలోని తమా కొండలను తొలిచి కొత్త నగరం కట్టుతుండగా, కుక్కజాతికి చెందిన తనుకి జంతువులు ఎదురు తిరుగుతవి. అవి సాధుజంతువులేమీ కావు, తిండిపోతులు, కలహప్రియులు. రూపం మార్చే విద్యతో దయ్యాల ఊరేగింపు తీసి జనాన్ని బెదరగొట్టబూనితే, జనం వినోదమనుకొని మురిసిపోతారు. అదంతా తన ప్రకటనే నని ఒక వినోదశాల యజమాని చెప్పుకుంటాడు! చివరకు కొండలు పోనే పోతవి.

పర్యావరణాన్ని గురించి పాఠం అప్పజెప్పే జంతుపాత్ర వేరు, ఆకలీ భయమూ గల జంతుపాత్ర వేరు. మొదటిది తోలు కప్పుకొన్న పంతులు (ఉపాధ్యాయులు మన్నింతురు గాక). పిల్లలు దానిని ఇట్టే పసిగడతారు. రెండవది తెలుగువారికి కొత్త కాదు. చిన్నయసూరి నీతిచంద్రికలో చిత్రాంగుడనే లేడి వేటకాండ్ర భయంతో పరుగెత్తి వస్తుంది గాని, అడవి మహిమను గురించి ఉపన్యసించదు.

2008లో మొదలైన ‘ఛోటా భీమ్’ ధారావాహిక హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టి. అందులో జగ్గు అనే కోతి చక్కగా మాటలాడుతుంది. కోతిని మాటలాడించిన నగరానికి జింకను మాటలాడించడం అసాధ్యం కాదు. అయితే గీసేవారు, వ్రాసేవారు ముందుగా జింకను చూచి వుండాలి. తెలంగాణ 2014లో తన రాష్ట్ర జంతువుగా ఎన్నుకొన్నది జింకనే. బడిపిల్లలు ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా ఆ పేరు వల్లిస్తారు, అంతటితో సరి. అది ఏ ఆకు మేస్తుంది? వేసవిలో ఏ కుంటకు నీటికి దిగుతుంది? ఊరకుక్కలు తరిమితే ఎటు పరుగెత్తుతుంది? లింగంపల్లి బడులలో చిత్రలేఖనపు గంటలో, కాగితాలు పంచిపెట్టక మునుపు, ఈ ప్రశ్నలు అడుగవచ్చును.