భానుమతిది పొగరు కాదు

“ఏందే, భానుమతివనుకుంటున్నవా?” షోలాపూర్ పూర్వభాగంలో, సాంచెల చప్పుడు ఆగని మా పద్మశాలీ గల్లీల్లో, ఎదురడిగిన ఆడపిల్లకు ఈ మాట తప్పదు. దీని వెనక అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. ‘మిస్సమ్మ’ సినిమాకు మొదట నటి భానుమతినే తీసుకున్నారు. కొంత తీశాక, వరలక్ష్మీ వ్రతం చేసుకుని ఆలస్యంగా వచ్చిందని నిర్మాత చక్రపాణి క్షమాపణ అడిగాడు. ఆమె చెప్పనంది. పాత్ర సావిత్రికి వెళ్లింది. పొగరుతో చెడింది, ఒదిగినామె పైకొచ్చింది అని లోకం తీర్పు. ఆ తీర్పు తప్పు.

చెడిందా? ‘మిస్సమ్మ’ వచ్చింది 1955లో. మరుసటి ఏడే తెలుగులో ‘చింతామణి’, తమిళంలో ఎం.జి.ఆర్. సరసన ‘అలీబాబా’ చేసింది. అంతకు ముందే, 1953లో, ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడింట్లోనూ తానే డైరెక్ట్ చేసింది. భర్త రామకృష్ణతో కలిసి కొడుకు పేరిట భరణీ సంస్థ పెట్టింది. దొడ్డవరంలో తండ్రి దగ్గర సంగీతం నేర్చి, 1939లో ‘వరవిక్రయం’తో తెరకెక్కిన పిల్ల ఆమె. హీరోయిన్ల పెదవులకు వేరేవాళ్ల గొంతు అతికించే రోజులు వచ్చాక కూడా తన పాట తానే పాడుకుంది. ‘అత్తగారి కథలు’ రాసింది. ఎనభై నాలుగులో ‘మంగమ్మగారి మనవడు’ టైటిల్‌లో ఉన్న మంగమ్మ ఆమే. ఒక్క పాత్ర పోతే ఏం పోయింది?

ఇక సావిత్రిని ఒదిగినామెగా చూపడం సావిత్రికే అన్యాయం. ఆమె కూడా 1968లో ‘చిన్నారి పాపలు’ డైరెక్ట్ చేసింది. తన బదులు ఒక గొప్ప నటి వచ్చిందని భానుమతి సంతోషమే చెప్పుకుంది. ఇద్దరి మధ్యా గోడ కట్టింది మనం.

మా మేనత్త బీడీలు చుట్టేది. ఒళ్లో చేట, చేటలో తంబాకు, తడిపిన తునికాకు మీద రేకుముక్క పెట్టి కత్తెరతో కోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచేది. చేతులు ఆగేవి కావు, నోట్లో భానుమతి ‘మల్లీశ్వరి’ పాటలూ ఆగేవి కావు. ఒకనాడు కార్ఖానాలో, బాగాలేవని పక్కన పడేసిన బీడీలు కూడా మీరే ఉంచుకుంటున్నప్పుడు వాటి కూలీ ఎందుకు కట్టరని అడిగింది. మునీము నవ్వి, “ఏందే, భానుమతివనుకుంటున్నవా?” అన్నాడు. ఆ సాయంత్రం ఆమె పాడలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. క్షమాపణ అడిగిన నిర్మాతది పట్టుదల, చెప్పనన్న నటిది పొగరు. కూలీ కోసిన మునీముది లెక్క, అడిగిన మనిషిది పొగరు. తన పని విలువ తెలిసిన ఆడదాన్ని కూర్చోబెట్టడానికే ఈ మాట పుట్టింది. ఇది మన ఊరి జబ్బే అనుకోకండి. హాంగ్‌కాంగ్‌లో కాంటనీస్ పాటల రాణి అనితా మూయ్ పసిప్రాయంలోనే ఇంటి కోసం స్టేజీలెక్కి పాడింది. నటిగానూ పేరు తెచ్చుకుంది. ఆమె ‘చెడ్డపిల్ల’ పాటను చైనాలో నిషేధించారు. 1995లో గ్వాంగ్జౌ వెళ్లి, అదే పాట పాడి వచ్చింది.

భానుమతి ముక్కుసూటి మనిషి. మాట కరుకు. అది దాచాల్సిన పని లేదు. ఆ కరుకుదనం లేకపోతే మగవాళ్ల స్టూడియోల్లో ఆమెకు కుర్చీ ఎవరు వేసేవారు?

ఆ వరలక్ష్మీ వ్రతం వచ్చే శ్రావణంలోనే, నారళీ పున్నమినాడు, మన పద్మశాలీల మార్కండేయ రథం కదులుతుంది. ఈసారి అక్కడ పాడమని మన పిల్లను ఎవరైనా పిలిస్తే, ఆ పిల్ల ఎంతిస్తారని అడిగితే, భానుమతి పేరు ఎత్తకండి. ఎంతో చెప్పండి.