ఆఫీసు పాత కంప్యూటర్లు కాటాకు వేస్తున్నారా? డబ్బాతో పాటు డేటా కూడా పోతోంది.. జాగ్రత్త!

ఏ ఆఫీసుకెళ్లినా ఓ మూల గది ఉంటుంది. దుమ్ము పట్టిన సీపీయూలు, గీతలు పడ్డ మానిటర్లు, ఇంకు ఎండిపోయిన ప్రింటర్లు, చుట్టలు చుట్టి పడేసిన కేబుళ్లు.. అన్నీ అక్కడే. మార్చి నెలాఖరులోనో, ఆఫీసు మారేటప్పుడో ఎవరికో ఒకరికి అది గుర్తొస్తుంది. తుక్కు వ్యాపారికి ఫోన్ వెళ్తుంది. ఆయన ఆటో తెస్తాడు, కాటా వేస్తాడు, నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడతాడు. గది ఖాళీ అవుతుంది. పని అయిపోయిందని అనుకుంటాం.

కానీ అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. ఆ ఆటోలో వెళ్లింది ఇనుము, ప్లాస్టిక్ మాత్రమే కాదు. కస్టమర్ల ఆధార్ కాపీలు, పాన్ నంబర్లు, స్టాఫ్ జీతాల లెక్కలు, పేషెంట్ల రిపోర్టులు కూడా వెళ్లి ఉండొచ్చు. అవి ఎక్కడికి చేరతాయో అమ్మినవాళ్లకు తెలియదు, కొన్నవాళ్లకూ తెలియదు.

ఇప్పుడే ఎందుకీ చర్చ?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 కావాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. చాలా పాత మెషీన్లలో అది లేదు. డబ్బు కట్టి సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకోవచ్చు. కానీ సంస్థలకు మొదటి ఏడాది ఒక్కో కంప్యూటర్‌కు 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు, అది కూడా మూడేళ్ల వరకే. దీంతో బాగానే పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా మూల గదికి చేరుతున్నాయి. ఈ మార్పు వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 24 కోట్ల పీసీలు వ్యర్థాలుగా మారొచ్చని కెనలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023లోనే అంచనా వేసింది.

ఇప్పటికే పరిస్థితి ఎలా ఉందంటే.. ఐక్యరాజ్య సమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయ్యాయి. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది 22.3 శాతమే. చైనా, అమెరికా తర్వాత ఎక్కువ ఈ-వ్యర్థాలు వచ్చేది మన దేశం నుంచే.

డిలీట్ కొడితే పోతుందా?

చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. పుస్తకంలో విషయ సూచిక పేజీ చింపేస్తే లోపలి పాఠాలు పోవు కదా! డిలీట్ కూడా అంతే. ఫైలు ఎక్కడుందో చెప్పే గుర్తు మాత్రమే పోతుంది, ఫైలు డిస్క్‌లోనే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ చేసినా జరిగేది దాదాపు అదే. రికవరీ సాఫ్ట్‌వేర్ తెలిసిన ఎవరైనా దాన్ని వెనక్కి తీయగలరు.

ఎస్‌ఎస్‌డీలతో మరో చిక్కుంది. పాత హార్డ్ డిస్క్ అయితే పైనుంచి కొత్త డేటా రాసి పాతదాన్ని తుడిచేయొచ్చు. ఎస్‌ఎస్‌డీలో ఏ సమాచారం ఎక్కడ రాయాలో దాని కంట్రోలరే నిర్ణయిస్తుంది. అందుకే తుడిచామనుకున్నా కొన్ని ముక్కలు మిగిలిపోవచ్చు. హార్డ్ డిస్క్‌ను అయస్కాంతంతో చెరిపే డీగాసింగ్ యంత్రం కూడా ఎస్‌ఎస్‌డీ మీద పనిచేయదు.

ఇక ఎవరూ పట్టించుకోనిది జిరాక్స్ మెషీన్. ఆఫీసుల్లో వాడే పెద్ద డిజిటల్ కాపియర్లు చాలావాటిలో హార్డ్ డిస్క్ ఉంటుంది. కాపీ తీసిన, స్కాన్ చేసిన కాగితాల బొమ్మలు అందులో నిలిచిపోవచ్చు. అమెరికాలో అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థ లీజు ముగిశాక కాపియర్లను డిస్క్‌లు తుడవకుండానే తిరిగి ఇచ్చేసింది. వాటిలో ఒకదాన్ని ఓ టీవీ చానల్ పరిశోధన కోసం కొంటే విషయం బయటపడింది. 3 లక్షల 44 వేల మందికి పైగా వివరాలు బయటకు పోయి ఉండొచ్చని లెక్క తేలింది. 2013లో ఆ సంస్థ 12 లక్షల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది.

లారీ కంపెనీకి సర్వర్లు అప్పగిస్తే..

పెద్ద సంస్థలైతే జాగ్రత్తగా ఉంటాయిలే అనుకోవద్దు. మోర్గాన్ స్టాన్లీకి చెందిన సంపద నిర్వహణ విభాగం తన డేటా సెంటర్లలోని వేలాది హార్డ్ డిస్క్‌లు, సర్వర్లు తీసేయడానికి ఎవరిని పెట్టుకుందో తెలుసా? డేటా ధ్వంసం చేయడంలో ఏ అనుభవమూ లేని ఓ సామాన్ల రవాణా కంపెనీని. ఆ కంపెనీ వాటిని మరొకరికి అమ్మింది. చివరికి అవి ఆన్‌లైన్ వేలం సైట్‌లో తేలాయి. కొన్నింటిలో కస్టమర్ల వివరాలు అలాగే ఉన్నాయి. డిస్క్‌లు కొన్న ఓ ఐటీ కన్సల్టెంట్ 'మీ డేటా నా దగ్గరుంది' అని సంస్థకు చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు.

2020లో బ్యాంకింగ్ నియంత్రణ సంస్థ 6 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. 2022 సెప్టెంబర్‌లో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ మరో 3.5 కోట్ల డాలర్లు వేసింది. దాదాపు కోటీ 50 లక్షల మంది కస్టమర్ల సమాచారాన్ని కాపాడటంలో విఫలమైందని తేల్చింది. ఇక్కడ హ్యాకర్ లేడు, వైరస్ లేదు. పాత సామాను ఎవరికి అప్పగించాలో సరిగా చూసుకోకపోవడమే తప్పు.

మన చట్టాలు ఏం చెబుతున్నాయి?

మన దేశంలో ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2022 అమల్లో ఉన్నాయి. ఇవి 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తున్నాయి. అంతకుముందు 21 రకాల వస్తువులకే నిబంధనలుండేవి, ఇప్పుడు 106కు పెంచారు. తయారీ కంపెనీలు నిర్ణీత శాతం మేర రీసైక్లింగ్ జరిగేలా చూడాలి. ఆ లక్ష్యం 2023-24లో 60 శాతంతో మొదలై 2027-28 నాటికి 80 శాతానికి చేరుతుంది.

ఆఫీసుల సంగతేంటి? ఏడాదిలో ఎప్పుడైనా 1000 లేదా అంతకంటే ఎక్కువ పరికరాలు వాడే సంస్థ 'బల్క్ కన్జ్యూమర్' కిందకు వస్తుంది. ఆ సంస్థ తన ఈ-వ్యర్థాలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన ఉత్పత్తిదారు, రీఫర్బిషర్, రీసైక్లర్.. వీళ్లకే ఇవ్వాలి. అంటే హైటెక్ సిటీలోని పెద్ద ఐటీ కంపెనీలు, బ్యాంకులు, కార్పొరేట్ ఆసుపత్రుల్లాంటివి ఈ పరిధిలోకి వస్తాయి.

మరోవైపు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ఉంది. దాని నిబంధనలను 2025 నవంబర్‌లో నోటిఫై చేశారు. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. జనం డేటాను కాపాడేందుకు తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు. పని కాంట్రాక్టర్‌కు ఇచ్చాం కాబట్టి మాకు సంబంధం లేదంటే కుదరదు. బాధ్యత డేటా సేకరించిన సంస్థదే.

రెండు చట్టాల మధ్య సందు

ఇక్కడే అసలు చిక్కు. ఈ-వ్యర్థాల నిబంధనలు చూసేది బరువును.. ఎన్ని టన్నులు వచ్చాయి, ఎన్ని రీసైకిల్ అయ్యాయి అని. డేటా చట్టం చూసేది సమాచారాన్ని. డబ్బా, డేటా రెండూ కలిసి ఒకే ఆటోలో వెళ్తున్న ఆ క్షణాన్ని ఈ రెండూ కలిపి చూడటం లేదు.

పైగా ఈ-వ్యర్థాల నిబంధనలు సూక్ష్మ సంస్థలకు వర్తించవు. 2025 ఏప్రిల్ నుంచి మారిన నిర్వచనం ప్రకారం పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటకపోతే అది సూక్ష్మ సంస్థే. విజయవాడలో ఓ ఆడిటర్ ఆఫీసు, వరంగల్‌లో ఓ డయాగ్నస్టిక్ సెంటర్, తిరుపతిలో ఓ ట్రావెల్ ఏజెన్సీ.. ఇలాంటివి చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. కంప్యూటర్లు పదో ఇరవయ్యో ఉంటాయి. కానీ వాటిలో ఉండేది వేలమంది వివరాలు. మన ఆధార్ జిరాక్స్ ఎక్కువగా ఇచ్చేది ఇలాంటి చోట్లే కదా!

తుక్కు వ్యాపారిదే తప్పా?

ఆయన్ని విలన్‌ను చేయడం తేలిక. కానీ ఫోన్ చేసిన గంటలో వచ్చి, చిన్న సామానైనా సరే తీసుకెళ్లేది ఆయనే. ఎక్కువ రేటు ఇచ్చేదీ ఆయనే. ఎందుకు ఇవ్వగలుగుతున్నాడు? నమోదైన రీసైక్లర్ కాలుష్య శుద్ధికి, కార్మికుల రక్షణకు ఖర్చు పెట్టాలి. అక్రమంగా నడిచే షెడ్డులో ఆ ఖర్చు ఉండదు. రాగి కోసం వైర్లను తగలబెడతారు. బంగారం కోసం సర్క్యూట్ బోర్డులను యాసిడ్‌లో ముంచుతారు. ఢిల్లీలోని సీలంపూర్ ఇందుకు పేరుమోసింది. ఆ పొగలో డయాక్సిన్లు, టంకంలోని సీసం, పాత ఎల్‌సీడీ మానిటర్ల లైటు ట్యూబుల్లోని పాదరసం.. ఇవన్నీ అక్కడ పనిచేసేవాళ్ల ఒంట్లోకే వెళ్తాయి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. మనకు నాలుగు నోట్లు ఎక్కువ వచ్చాయంటే, ఆ లెక్క ఎక్కడో ఎవరో తమ ఆరోగ్యంతో కడుతున్నారన్నమాట.

నిజానికి ఆ బోర్డుల్లో ఉన్నది సంపద. హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ కేంద్రం సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు వెలికితీసే పద్ధతులపై చాలాకాలంగా పనిచేస్తోంది. ఈ-వ్యర్థాలు, పాత లిథియం బ్యాటరీల నుంచి కీలక ఖనిజాలు తీసేందుకు కేంద్ర కేబినెట్ 2025 సెప్టెంబర్‌లో 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకానికి ఆమోదం తెలిపింది. కానీ సామాను దారి తప్పితే ఫ్యాక్టరీలు కట్టినా ఏం లాభం?

పగలగొట్టడమే పరిష్కారమా?

భయంతో కొందరు అన్నింటినీ ముక్కలు చేయించేస్తారు. అది కూడా నష్టమే. ఐదారేళ్ల లాప్‌టాప్‌లో డిస్క్‌ను సరిగా తుడిచి లైనక్స్ వేస్తే ఓ బడికో, లైబ్రరీకో ఇంకా కొన్నేళ్లు పనికొస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ మార్గదర్శకాల్లో మూడు అంచెలున్నాయి. మొదటిది మామూలు తుడిచివేత. రెండోది ల్యాబ్‌లో కూడా వెనక్కి తీయలేనంత లోతుగా చెరపడం. మూడోది పూర్తిగా ధ్వంసం చేయడం. డేటా ఎంత సున్నితమైనదో చూసి అంచె ఎంచుకోవాలి. ముందునుంచీ డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే పని ఇంకా తేలిక. తాళం చెవి లాంటి కీని చెరిపేస్తే చాలు, లోపలి డేటా ఎవరికీ అర్థం కాదు.

మీ ఆఫీసులో ఏం చేయాలంటే..

* సామాను గడప దాటకముందే లిస్టు రాయండి. ప్రతి డిస్క్ సీరియల్ నంబర్ అందులో ఉండాలి. ప్రింటర్లు, కాపియర్లు, రౌటర్లు, సీసీటీవీ రికార్డర్లు, పెన్‌డ్రైవ్‌లు మర్చిపోవద్దు.
* అవసరమైన ఫైళ్లు బ్యాకప్ తీశాకే డిస్క్ తుడవండి. ఎస్‌ఎస్‌డీ అయితే తయారీ కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ టూల్ వాడండి. పనిచేయని డిస్క్‌ను మీ కళ్లముందే ముక్కలు చేయించండి.
* రీసైక్లర్ పేరు కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. విజిటింగ్ కార్డు మీద 'గవర్నమెంట్ అప్రూవ్డ్' అని ఉంటే సరిపోదు.
* రెండు కాగితాలు అడగండి. రీసైక్లింగ్ సర్టిఫికెట్ వేరు, డేటా ధ్వంసం చేసినట్టు సీరియల్ నంబర్లతో ఇచ్చే సర్టిఫికెట్ వేరు. మొదటిది ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.
* లాప్‌టాప్, యూపీఎస్ బ్యాటరీలను విడిగా పెట్టండి. ఉబ్బిన లిథియం బ్యాటరీని నొక్కినా, గుచ్చినా అంటుకునే ప్రమాదం ఉంది.
* లీజు మెషీన్ తిరిగి ఇస్తుంటే డిస్క్ ఎవరు తుడవాలో అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. పది కంప్యూటర్లున్న చిన్న ఆఫీసు కోసం పెద్ద రీసైక్లర్ లారీ పంపడు. వార్డుల వారీగా సేకరణ రోజులు పెట్టి, అక్కడే డిస్క్‌లు ధ్వంసం చేసే యంత్రం ఉంచితే చిన్నవాళ్లకు దారి దొరుకుతుంది. తుక్కు వ్యాపారులను ఆ సేకరణలో భాగం చేస్తే వాళ్ల బతుకుదెరువూ నిలబడుతుంది.

మీకు ఆఫీసు లేకపోవచ్చు. కానీ ఏదో ఆసుపత్రిలో, ఏదో ఫైనాన్స్ కంపెనీలో, మీ పిల్లల కాలేజీలో మీ ఆధార్ కాపీ ఇచ్చే ఉంటారు. దాన్ని స్కాన్ చేసిన ఆ కంప్యూటర్ ఇప్పుడు ఎక్కడుంది? ఈసారి వెళ్లినప్పుడు ఒక్క మాట అడిగి చూడండి.