ఈ దండ ఎవరు కట్టారు?

శ్రావణ శుక్రవారం తెల్లవారుజామున మూడు గంటలకు కడియపులంక పూల మార్కెట్‌లో కులం కనబడదు. చామంతి బుట్టల నడుమ, లిల్లీ మూటల నడుమ నిలబడి బేరమాడేవారిని ఏ ఊరని గాని, ఏ పేట అని గాని ఎవరూ అడగరు. చేతిలో రూపాయి ఉంటే పువ్వు దొరుకుతుంది. అదే పువ్వు దారమెక్కి, దండగా మారి, ఊళ్లోకి వచ్చేసరికి దానికొక చిరునామా కావలసి వస్తుంది. మార్కెట్‌కూ ఊరికీ మధ్య దూరం బస్సులో గంట.

నేను విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం బోధిస్తాను. నా దగ్గర ఎం.ఏ. చదివిన ఒక దళిత విద్యార్థిని నాలుగేళ్లుగా గోదావరి ప్రాంతంలోని తన ఊళ్లో, సొంత ఇంట్లోనే పూల అలంకరణ వ్యాపారం చేస్తోంది. పేరూ ఊరూ చెప్పనన్న మాట మీదే ఈ సంగతులు రాయడానికి ఒప్పుకుంది. ఉద్యోగ ప్రకటనల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఆమె రాజమహేంద్రవరంలో పెళ్లి వేదికలు అలంకరించేవారి దగ్గర రోజుకూలికి చేరింది. ఇనుప చట్రానికి తడి స్పాంజి బిగించి జర్బెరాలు గుచ్చడం, పెళ్లికూతురి పూలజడ అల్లడం, వాడిపోకుండా దండలను తడి గోనెలో చుట్టి పంపడం అక్కడే నేర్చుకుంది. తిరిగి వచ్చి పేటలో తల్లినీ, మేనత్తనూ, మరో ముగ్గురు ఆడవాళ్లనూ కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టింది. వరికోతలకు యంత్రాలు వచ్చాక ఏడాదిలో సగం రోజులు పని లేకుండా పోయిన చేతులవి. నెల తిరగకముందే వాళ్ల ముడి తన ముడికంటే సన్నగా పడుతోందని నవ్వుతూ చెప్పింది.

పని బాగుంది. అమ్మకం మాటేమిటని అడిగాను. ఆమె తన లెక్కల పుస్తకం ముందు పెట్టింది. ఆర్థికశాస్త్రం చదివిన పిల్ల కనుక ఆర్డర్లను సందర్భాల వారీగా రాసుకుంది. ఏప్రిల్ 14కీ, డిసెంబరు 6కీ అంబేడ్కర్ విగ్రహాలకు దండలు. క్రిస్మస్‌కూ, ఈస్టర్‌కూ చర్చి అలంకరణ. రాజకీయ సభలకు జేసీబీతో ఎత్తి వేసే గజమాలలు. శవయాత్రలకు దండలు, ఇవి మాత్రం ఊరివారూ కొంటారు. వరలక్ష్మీవ్రతం పేజీ దాదాపు ఖాళీ. సత్యనారాయణ వ్రతాలు, ఉపనయనాలు, గుడి ఉత్సవాలు అసలే లేవు. పెళ్లిళ్లు ఉన్నాయి గాని, అందులోనూ గేటు, భోజనాల షామియానా, రిసెప్షన్ వేదిక ఆమెవి. పెళ్లిపందిరీ, దంపతులు మార్చుకునే దండలూ వేరొకరివి. ఇరవై ఏళ్లుగా కులాన్ని గురించి పాఠాలు చెబుతున్న నాకు ఇంత స్పష్టమైన పటం ఏ గ్రంథంలోనూ కనిపించలేదు. చావుకు పనికివచ్చిన చేయి వ్రతానికి పనికిరాదు.

ఎవరూ కాదనరు. అడిగితే అందరూ ఒకే మాట అంటారు: "మాకు వాడుకగా ఇచ్చేవాళ్లున్నారమ్మా." మర్యాదగల మాట. అందులో కులం పేరు లేదు, దూషణ లేదు, ఫిర్యాదు చేయడానికి ఒక్క అక్షరం లేదు.

పూల వ్యాపారంలో ఈ మర్యాద ఎంత క్రూరమైనదో తెలియాలంటే సరుకు స్వభావం తెలియాలి. బియ్యం ఆరు నెలలు ఆగుతుంది. చీర ఏడాది ఆగుతుంది. పొద్దున కొన్న మల్లె సాయంత్రానికి చెత్త. నిల్వ ఉంచుకోలేనివాడికి బేరమాడే శక్తి ఉండదు. అమ్ముడుపోని ప్రతి గంటా పెట్టుబడి వాడిపోతూ ఉంటుంది. కనుక పూలను వెలివేయడానికి ఊరంతా కూడబలుక్కోనక్కరలేదు. ఒక పూట ఆలస్యం చేస్తే చాలు. గ్రామీణ భారతంలో అంటరానితనం మీద 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో జరిపిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. దళితులు సహకార సంఘాలకు పాలు పోయకుండా అడ్డుకుంటున్న గ్రామాల సంగతి అందులో వివరంగా ఉంది. పాలు, పూలు రెండూ పూటకు చెడేవే, రెండూ దేవుడి ముందుకు వెళ్లేవే. ఈ పోలిక యాదృచ్ఛికమని నేననుకోను.

మరి పేటలోని ఆ అయిదుగురు ఎలా బతుకుతున్నారు? మండల కేంద్రంలోని ఒక పూల దుకాణం యజమాని పండుగ రోజుల్లో వాళ్ల దండలన్నీ తీసుకుపోతాడు. ఆమెకు 60 రూపాయలిచ్చిన దండను తన బోర్డు కింద 150కి అమ్ముతాడు. ఆ దండ సొంత ఊరి గుడికే తిరిగి వస్తుంది. తాను కట్టిన చామంతి దండను ఉత్సవ విగ్రహం మీద దూరం నుంచి చూసి, ముడిని బట్టి గుర్తుపట్టానని ఆమె చెప్పింది. ఊరికి ఈ సంగతి తెలియదా అంటే, తెలుసు. దుకాణదారుడి ఆటో ఎక్కడ ఆగి సరుకు ఎక్కించుకుంటుందో చూడనివాళ్లు లేరు. అంటే చేతి స్పర్శ వల్ల పువ్వుకు మైల అంటుతుందన్న నమ్మకం కూడా ఇక్కడ మిగల్లేదు. మిగిలింది పేరు ఎవరిది, లాభం ఎవరిది అన్న పట్టుదల ఒక్కటే. మధ్యలో మాయమైన ఆ 90 రూపాయల్లో రవాణా ఉంది, దుకాణం అద్దె ఉంది. మిగతాదానికి మా శాస్త్రంలో మధ్యవర్తి లాభమని పేరు. దాన్ని కులం పన్ను అంటే తప్పేమిటో నాకు తెలియడం లేదు.

రోడ్డు మీద ఒక గది అద్దెకు తీసుకుంటే ఈ మధ్యవర్తి అక్కరలేదు కదా అని ఎవరైనా అంటారు. ఆమె మూడు గదులు అడిగింది. మూడూ "మా తమ్ముడు వ్యాపారం పెడతానంటున్నాడు" దగ్గర ఆగాయి. వాటిలో రెండు ఇప్పటికీ తాళం వేసే ఉన్నాయి. పోనీ ఫోను మీద నడపవచ్చు కదా అంటే, ఆమె వాట్సాప్‌లో పెట్టే ఫొటోలు చూసి పట్నం నుంచి కూడా అడిగేవారున్నారు. డిజైన్ నచ్చుతుంది, ధర కుదురుతుంది, చివర "లొకేషన్ పెట్టండి" అంటారు. కాలనీ పేరులో అంబేడ్కర్ ఉంటుంది. కొందరు వస్తారు. కొందరు ఆ తరువాత ఫోను ఎత్తరు. ఇంటి నుంచి వ్యాపారం చేసుకోమని ఉపన్యాసాలిచ్చేవారు ఇంటిని నాలుగు గోడలుగా చూస్తారు. మన పల్లెల్లో ఇల్లంటే దిక్కు.

రెండేళ్ల క్రితం ఆమె పేట మొదట్లో, తారు రోడ్డు మీదికి కనిపించేలా ఒక బోర్డు పెట్టింది: "ఇక్కడ పూలమాలలు కట్టబడును." మూడో రోజు పొద్దున్నే చూస్తే రెండో మాటలో మొదటి రెండక్షరాలు గీకేసి ఉన్నాయి. ఏం మిగిలిందో తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఆమె పోలీసులకు ఫిర్యాదు చేయలేదు. గీకినవాడెవరో తెలియదు, చూసినవాడు చెప్పడు. రంగు డబ్బా తెచ్చి "పూలదండలు" అని మార్చి రాసుకుంది. దండ అనే తేటతెలుగు మాట ఆ రోజు ఆమెను కాపాడింది. పూల మాలకూ, కులం పేరుకూ వ్యుత్పత్తి ఒకటని నేననడం లేదు. ఆ శబ్దసామ్యాన్ని ఆయుధం చేసుకున్న బుద్ధిని గురించే అంటున్నాను. దేవుడికి కట్టిన దండను ముందుగా తానే ముడుచుకుని పంపిన గోదాదేవి కథను మన సాహిత్యం నెత్తిన పెట్టుకుంది. శ్రీకృష్ణదేవరాయలు తన కావ్యానికి ఆ పేరే పెట్టాడు. అదే ఆముక్తమాల్యదలో మాలదాసరి కథ కూడా ఉంది. ఆ భక్తుడు బ్రహ్మరాక్షసుడినే ఉద్ధరించాడు గాని, కీర్తనలు పాడింది గుడి బయట నిలబడే. అయిదు వందల ఏళ్ల తరువాత దండ లోపలికి పోతోంది, కట్టిన మనిషి ఇంకా అక్కడే ఉంది.

చట్టం లేదా అని విద్యార్థులు అడుగుతారు. ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, దళితులను వృత్తి వ్యాపారాలు చేసుకోనీయకుండా అడ్డుకోవడాన్నీ, ఆర్థిక బహిష్కరణనూ నేరాలుగా చేర్చింది. కాని విడివిడిగా నూరు ఇళ్లు "వాడుకగా ఇచ్చేవాళ్లున్నారు" అంటే దాన్ని బహిష్కరణగా రుజువు చేసేదెవరు? రాజ్యాంగం 15(2) అధికరణం దళితుడికి ఊరి దుకాణంలోకి అడుగుపెట్టే హక్కునిచ్చింది. 19(1)(జి) తానే దుకాణం తెరుచుకునే హక్కునిచ్చింది. ఆ దుకాణంలోకి ఊరు అడుగుపెట్టాలని చెప్పే అధికరణం లేదు, ఉండడం సాధ్యమూ కాదు. దళితుడిని కొనుగోలుదారుగా ఊహించుకోవడానికి మన సమాజం ఆపసోపాలు పడుతూనైనా అలవాటు పడింది. అమ్మకందారుగా, అదీ పవిత్రమనుకునే వస్తువు అమ్మేవారిగా ఊహించుకోలేకపోతోంది. 2005లో దళిత వాణిజ్య, పారిశ్రామిక మండలి ఏర్పడిన నాటి నుంచి, మార్కెట్ కులాన్ని కరిగిస్తుందన్న వాదన ఒకటి గట్టిగా వినిపిస్తోంది. ఆ వాదనలో కొంత నిజముంది. కడియపులంకలో తెల్లవారుజామున నేను చూశాను. అయితే అది టోకు మార్కెట్ నిజం. చిల్లర అమ్మకం గుమ్మం దగ్గర జరుగుతుంది, గుమ్మం కులానిది.

ప్రభుత్వ పథకాల సంగతీ చూద్దాం. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో పూలదండలు కట్టడం ఒకటి. శిక్షణ, 15,000 రూపాయల విలువైన పనిముట్లు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, ఆ తరువాత 2 లక్షల రుణం. మంచిదే. కాని పథకం తనను తాను కుటుంబ ఆధారిత సంప్రదాయ వృత్తుల కోసమని చెప్పుకుంటుంది, దరఖాస్తు పరిశీలన గ్రామ పంచాయతీ దగ్గర మొదలవుతుంది. అర్హతకు కులం షరతు లేదు. అయినా ఆమెకు ఎదురైన ప్రశ్న ఇది: "మీ వాళ్లది ఈ పని కాదు కదా?" వైష్ణవాలయాల్లో పుష్పకైంకర్యం చేసే సాతానుల వంటి బీసీ కులాలకు ఈ పథకం ఉపయోగపడితే సంతోషమే, వాళ్లూ పేదలే. అయితే తాతలు చేయని పనిని ఎంచుకోవడమే కులం నుంచి బయటపడే దారి అయినప్పుడు, తాతల పనికే రుణమిస్తానన్న రాజ్యం ఏ వైపు నిలబడినట్టు? పూణేలో పూల వ్యాపారం వల్లనే ఆ కుటుంబానికి ఫూలే అన్న పేరు వచ్చింది. పీష్వాల కొలువుకు పూలు అందించిన ఇంట్లో పుట్టిన జోతిరావు 1848లో బ్రాహ్మణ మిత్రుడి పెళ్లి ఊరేగింపులో అవమానం పొందాడు. ఇంటి పూలు ప్రభువుల కొలువు దాకా వెళ్లినా, ఆ ఇంటి మనిషికి ఊరేగింపులో చోటు దొరకలేదు.

ఇంతవరకు ఊరిని తప్పుపడుతూ వచ్చాను. నేను పుట్టింది పేటలో కాదు, ఊళ్లో. పోయిన ఏడాది మా అన్నయ్య గృహప్రవేశానికి పూల పని ఈ అమ్మాయికి ఇమ్మని నేనే సిఫారసు చేశాను. వచ్చింది, తెల్లవార్లూ పనిచేసింది. సింహద్వారానికి బంతి తోరణాలు, మెట్ల వరుసకు చామంతి, వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. దేవుడి గది దగ్గరికి వచ్చేసరికి మా వదిన నెమ్మదిగా, "అక్కడ నేను చూసుకుంటాలే అమ్మా, నువ్వు అలిసిపోయావు" అంది. ఎంత ఆప్యాయంగా అందంటే, పక్కనే ఉన్న నాకు ఏమీ జరగనట్టే అనిపించింది. అమ్మాయి నా వైపు ఒకసారి చూసింది. నేను వచ్చిన అతిథిని పలకరించడానికి అటు తిరిగాను. లెక్కల పుస్తకంలో ఆ రోజు తేదీ ఎదురుగా "గేటు, మెట్లు" అని రాసి ఉంది. ఆ పుస్తకం నాకు చూపించినప్పుడు ఆ పేజీని ఆమె తిప్పేయలేదు, నా ముందు ఆపనూ లేదు.

మాఘంలో మా అన్నయ్య కూతురి పెళ్లి. పందిరి, దండలు, పూలజడ, తలంబ్రాల పళ్లెం అలంకరణ అన్నీ ఈ అమ్మాయికే ఇవ్వాలని, లేకపోతే పెద్దరికం వహించడానికి నేను రానని చెప్పాను. అన్నయ్య కాదనలేదు. "ముహూర్తం దగ్గర పడనీ, చూద్దాం" అన్నాడు. శుభలేఖలు అచ్చుకు వెళ్లాయి. పూల సంగతి ఇంకా తేలలేదు.