తెర చాటు సంగతులు: ఆకాశంలో ఆ చారలేమిటి?

కోట బ్రహ్మాండంగా ఉంటుంది. గుర్రాలు, జెండాలు, సైన్యం... అన్నీ నిజమే అనిపిస్తాయి. కాని వెనకాల రాత్రి ఆకాశం మాత్రం మెట్లు మెట్లుగా, చారలు చారలుగా విడిపోయి వెక్కిరిస్తుంది. గ్రాఫిక్స్ బాగాలేవని తేల్చేసి ఇంటర్వెల్లో క్యాంటీన్ వైపు నడుస్తాం. పాపం, గ్రాఫిక్స్ చేసిన కుర్రాడి తప్పు అందులో ఏమీ ఉండకపోవచ్చు! చాలాసార్లు తప్పంతా ఆ బొమ్మని దాచిన పద్ధతిది.

అదెలాగంటారా? కంప్యూటర్ బొమ్మలోని ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత పాళ్లో లెక్క కడుతుంది. దీన్నే రెండరింగ్ అంటారు. లెక్క కట్టేటప్పుడు దశాంశాలతో సహా నిక్కచ్చిగానే కడుతుంది. దాచేటప్పుడే వస్తుంది తంటా. 8 బిట్లలో దాస్తే ఒక్కో రంగుకి 256 మెట్లు. మూడూ కలిస్తే కోటీ 67 లక్షల పైచిలుకు రంగులు! ఇంకేం కావాలీ అంటారేమో... ఆగండి.

రాత్రి ఆకాశం గనుక అందులో వాడేది 256 మెట్లలో 10 నుంచి 30 దాకానే అనుకోండి. అంటే 21 మెట్లు. తీరా అంతా అయ్యాక డైరెక్టరుగారు చూసి, వెన్నెల చాల్లేదు, పెంచమంటారు. కలరిస్టు నాలుగింతలు పెంచుతాడు. 10 కాస్తా 40 అవుతుంది, 11 కాస్తా 44 అవుతుంది. మరి మధ్యలో 41, 42, 43 ఏవీ? లేవు! దాచనివి ఎక్కణ్ణుంచి వస్తాయి? ఆ ఖాళీలే మనకి చారలై కనిపిస్తాయన్నమాట.

అదే బొమ్మని 16 బిట్లలో దాస్తే ఒక్కో రంగుకి 65,536 మెట్లు. ఇందాకటి ఒక్కో మెట్టు చోట 256 చిన్న మెట్లు! నాలుగింతలు పెంచినా కన్ను పట్టుకోలేదు.

వెలుతురు వైపూ ఇదే గొడవ. మంట, పేలుడు, సూర్యుడు... 8 బిట్లలో 255 దాటిందంతా ఒకటే తెలుపు. తర్వాత తగ్గించి చూస్తే మంటలోని పసుపూ నారింజా తిరిగి రావు. బూడిదరంగు ముద్ద మిగులుతుంది. ఈ బాధ పడలేకే 'స్టార్ వార్స్' (1977) కోసం పుట్టిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ ఓపెన్ ఈఎక్స్ఆర్ అనే ఫైలు పద్ధతి తయారుచేసుకుంది. తెర మీది తెలుపుని 1 అనుకుంటే, అందులో 65,504 దాకా వెలుగు దాచుకోవచ్చు! 2003లో దాన్ని లోకానికి ఉచితంగా ఇచ్చేశారు. దాన్ని రూపొందించిన ఫ్లోరియన్ కైంజ్‌కి 2007లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం కూడా దక్కింది.

అయితే థియేటర్‌కి వెళ్లే డిజిటల్ ప్రింటు 12 బిట్లే, ఫోనులో చూసేది చాలామట్టుకు 8 బిట్లే. మరి ఈ 16 ఎందుకూ? జాకెట్టు కుట్టే దర్జీని అడగండి! లోపలి కుట్టు దగ్గర కాస్త గుడ్డ వదులుతాడు. రేపు వదులు చేయాలంటే ఆ గుడ్డే ఆదుకుంటుంది. ముందే కత్తిరించేస్తే అంతే సంగతులు. 8 బిట్ల బొమ్మని తర్వాత 16లోకి మార్చినా పోయిన ఛాయలు రావు. అంచేత దిద్దుళ్లన్నీ పెద్ద ఫైలులో ముగించి, ఆఖర్న మాత్రమే చిన్నదానిలోకి దిగాలి.

హార్డ్ డిస్కు కలిసొస్తుందని కక్కుర్తి పడితే ఏమవుతుందో చూడండి. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున పది సెకన్ల షాటుకి 240. ఒక్కోదానికి 4 గంటలు పడుతుందనుకుంటే 960 గంటలు. ఒక్క యంత్రం మీదైతే 40 రోజులు! పోస్టర్ల మీద రిలీజు డేటు పడ్డాక అంత టైము ఎవరిస్తారు? ఆ చారలతోనే బొమ్మ విడుదలవుతుంది. కుర్రాడి నెలల కష్టం కాస్తా మన ఈలల్లో కొట్టుకుపోతుంది.

'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్లేగారు పండించిన వెన్నెలని ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. నలుపు తెలుపుల నడుమ ఆ ఛాయలన్నిట్నీ ఫిల్ము నెగటివ్ భద్రంగా దాచింది. గ్రాఫిక్స్ వెన్నెలకి ఆ పని చేసిపెట్టాల్సింది బిట్లే.

ఇక ఫోనులో చారలు కనిపిస్తే వెంటనే తీర్పు చెప్పకండి. నెట్ కోసం వీడియోని నొక్కేసినప్పుడు కూడా అవి పుడతాయి. థియేటర్లో చూసి అప్పుడు మాట్లాడండి. షార్ట్ ఫిల్ములు తీస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రెండర్ బటన్ నొక్కే ముందు ఫైలు 16 బిట్లో కాదో ఒక్కసారి చూసుకోండి. డిస్కు ఇంకోటి కొనుక్కోవచ్చు, పోయిన వెన్నెలని కొనలేం కదూ!