బడిలో కన్యాశుల్కము

ఉన్నత పాఠశాలలో కన్యాశుల్కము బోధించుట యనగా కథాసంగ్రహము చెప్పి, పాత్రల స్వభావములు వ్రాయించి, ‘ఆ దురాచారము పోయినది’ అని పుస్తకము మూయించుటయే యని పెక్కురు తలచుచున్నారు. కొన్నేండ్లు మేమును అట్లే చేసితిమి. అది తప్పని యిప్పుడు చెప్పుచున్నాము.

1892లో విజయనగరమున తొలుత ప్రదర్శితమై, 1897లో అచ్చుపడి, 1909లో పెంచి వ్రాయబడిన గురజాడవారి నాటకము గడచిన కాలపు కథ మాత్రమేనా? మా గుంటూరు, ప్రకాశము సీమలలో పిల్లను అమ్మువారు లేరు, సరే. వరుని కొనువారు లేరా? కట్నమును నిషేధించు చట్టము 1961లోనే వచ్చినది. అయినను పత్తి, మిరప అమ్మిన సొమ్ము ఎవరి యింటికి కట్నముగా పోవుచున్నదో తరగతిలోని పిల్లలకు తెలియును. బేరము మిగిలియే యున్నది. వెల చెల్లించు పక్షము మాత్రము మారినది. ఈ మాట చెప్పని బోధన బోధన కాదు.

విజయనగరపు పలుకుబడి మన పిల్లలకు తెలియదందురు. గొంతెత్తి చదివినచో తెలియును. పరీక్షకై వల్లించినచో తెలియదు. మధురవాణి వేశ్య గనుక తరగతికి తగదందురు. సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు అమ్మజూచిన తండ్రి తగునా?

ఆ సుబ్బిని కాపాడుటకు పన్నిన యుపాయమేమి? ఒక శిష్యుడు ఆడువేషముతో పెండ్లికూతురగుట! కావున, ఉపాధ్యాయులారా, మీ శిష్యులకును వేషములీయుడు. వెంకమ్మ నూతిలో దూకిన ఘట్టమును ఆడపిల్లలచే చదివించుడు. పిమ్మట ఒక్క ప్రశ్న వేయుడు: మీ యింట ఎవరికి వెల కట్టుచున్నారు?