డ్రాయింగ్ బోర్డ్ జోలికి వెళ్ళే ముందు

మన ఐటీ జనాల మెయిళ్ళలో ఎక్కడ చూసినా ఇదే గోల. బిల్డ్ ఆగిందా? "బ్యాక్ టు ద డ్రాయింగ్ బోర్డ్". కాన్ఫిగ్ ఫైల్లో కామా తప్పిందా? మళ్ళీ అదే పాట. కుళాయి కారుతోందని ఇల్లు పడగొట్టి కొత్త ప్లాను గీయిస్తామా ఎవరమైనా?

అసలీ మాట జనంలోకి ఎలా వచ్చిందో చూడండి. 1941లో న్యూయార్కర్ పత్రికలో పీటర్ ఆర్నో ఒక కార్టూన్ వేశాడు. విమానం కూలి తుక్కయింది. అందరూ అటు పరిగెడుతుంటే, డిజైన్ చేసిన పెద్దమనిషి మాత్రం కాగితాల చుట్ట చంకలో పెట్టుకుని, మళ్ళీ బోర్డు దగ్గరికి పోదాంలే అన్నట్టు తాపీగా వెనక్కి నడుస్తుంటాడు. అంటే ఏంటి? పోయింది విమానం ఒక్కటే కాదు, గీసిన బొమ్మే తప్పు అని.

మన దగ్గరి సంగతే తీసుకోండి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో పడింది. కారణం ఒక వాల్వు లోపం. రాకెట్ మొత్తాన్ని మళ్ళీ గీయలేదు. లోపం సరిచేసి 1980 జులై 18న అదే ఎస్ఎల్‌వీ-3తో రోహిణిని కక్ష్యలో పెట్టారు. ఇది డ్రాయింగ్ బోర్డ్ కథ కాదు.

బ్రిటన్ వాళ్ళ కామెట్ జెట్ విమానాలు చూడండి. 1954లో మూడు నెలల తేడాలో రెండు గాల్లోనే ముక్కలయ్యాయి. పదే పదే పడే ఒత్తిడికి క్యాబిన్ లోహం పగులుతోందని తేలింది. ఉన్నవాటిని నేలకు దించేసి, మళ్ళీ డిజైన్ చేసిన కామెట్ 4ని 1958లో ఎగరేశారు. ఇదీ డ్రాయింగ్ బోర్డ్ అంటే!

"కథ మళ్ళీ మొదటికొచ్చింది" అంటామే, అది వేరు. అక్కడ దారి మంచిదే, నడక మళ్ళీ మొదలెట్టాలి. ఇక్కడ దారే మార్చాలి.

ఏదో ఇంగ్లీషు మాట, పోనిద్దురూ అంటారా? అవతల క్లయింటు దాన్ని అక్షరాలా చదువుతాడు. డిజైన్ పోయిందా, ఆర్నెల్ల పని బూడిదేనా, డబ్బులెవరిస్తారు అని కాల్ పెడతాడు. ఎవరో కామా మర్చిపోతే, డిజైన్ రాసిన పాపానికి ఇంకెవరో సంజాయిషీ ఇచ్చుకోవాలి. తమాషా ఏంటంటే, నిజంగా డిజైనే నిలబడనప్పుడు ఈ మాట ఒక్కరి నోటా రాదు. అతుకు మీద అతుకేసి "మైనర్ ఫిక్స్" అని పంపిస్తారు!

కాబట్టి బాబూ, రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. మారాల్సింది పనా, ప్లానా? పనైతే ఏం చెడిందో, ఎప్పటికి బాగవుతుందో మామూలు మాటల్లో చెప్పండి. ప్లానే అయితే ధైర్యంగా ఆ మాటే రాసి, కింద మీ పేరు పెట్టండి.